చిట్టాకు ఎక్కింది, ఆవర్జాకు ఎక్కలేదు: కరెంటు పోయాక డేటాబేస్ సర్వర్ ఏం చేస్తుంది

సంక్షిప్తంగా: డేటాబేస్ సర్వర్ హఠాత్తుగా ఆగిపోయి మళ్లీ లేచినప్పుడు కొంతసేపు ఎవరికీ జవాబివ్వదు. ఆ సమయంలో అది చివరి చెక్‌పాయింట్ నుంచి, అంటే ‘ఇంతవరకు ఎక్కింది’ అని గుర్తు పెట్టుకున్న చోటు నుంచి, మార్పులు రాసుకున్న తన చిట్టాను చదువుకుంటూ, అసలు ఫైళ్లలోకి చేరని మార్పులను మళ్లీ ఎక్కిస్తుంది. ఈ ఆలస్యం ఎంతన్నది చాలావరకు కరెంటు పోకముందే, చెక్‌పాయింట్ల అమరికలోనే ఖాయమై ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ ప్రక్రియను పరిశీలిస్తుంది.

గోదావరి డెల్టాలో సార్వా కోతలూ తుపాన్లూ ఒకే కాలంలో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కళ్లాల్లో ధాన్యం ఉంటుంది, బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటుంది. కోనసీమను చావుదెబ్బ తీసిన తుపాను కూడా 1996 నవంబరు 6నే తీరం దాటింది. అంటే మిల్లుల్లో, కొనుగోలు కేంద్రాల్లో కంప్యూటర్లు ఏడాది మొత్తంలో ఎక్కువ లెక్కలు రాసుకునే వారాలూ, కరెంటు ఎక్కువగా పోయే వారాలూ దాదాపు ఒకటే.

పల్లెల్లో పద్దులు కూడా కాగితం వదిలి కంప్యూటర్‌లోకి చేరుతున్నాయి. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. అలాంటి పెద్ద వ్యవస్థల సర్వర్లు ఎక్కడో దూరాన, కరెంటు పోని గదుల్లో ఉంటాయి. ఇక్కడి చర్చ వాటి గురించి కాదు. మిల్లు వెనక గదిలో, ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో, రొయ్యల మేత గోదాములో బల్ల కింద దుమ్ముపట్టి నడిచే సర్వర్ల గురించి.

కాటా దగ్గర పది సెకన్లు

తణుకు, భీమవరం మధ్య ఎక్కడైనా కనిపించే ఒక మిల్లును ఊహించుకుందాం. రాత్రి తొమ్మిది గంటలు. కాటా మీద ధాన్యం లారీ నిలబడింది. గుమాస్తా 24,380 కిలోలు అని ఎక్కించి సేవ్ నొక్కాడు, చీటీ అచ్చయి బయటికి వచ్చింది. ఆ లారీ దిగి తర్వాతిది ఎక్కింది. దాని నంబరు, తేమ శాతం కొడుతుండగా కరెంటు పోయింది. పది సెకన్లలో జనరేటర్ అందుకుంది. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. సర్వర్‌కు మాత్రం ఆ పది సెకన్లే ఎక్కువయ్యాయి. దాని యూపీఎస్ బ్యాటరీ పోయిన వేసవిలోనే చచ్చిపోయింది, ఎవరూ మార్చలేదు.

రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు ఆగకూడదని డెల్టాలో జనరేటర్ల మీద పెట్టే శ్రద్ధ అందరికీ తెలిసిందే. ఏరియేటర్ పది సెకన్లు ఆగితే రొయ్యకు ఏమీ కాదు. కంప్యూటర్‌కు పది సెకన్ల విరామమూ పది గంటల విరామమూ ఒకటే.

సర్వర్ మళ్లీ వెలిగాక తెర మీద ‘డేటాబేస్ వ్యవస్థ మొదలవుతోంది’ అన్న సందేశం తప్ప ఏమీ రాదు. బయట లారీలు బారులు తీరాయి. ఇప్పుడు గుమాస్తాను మూడు ప్రశ్నలు వేధిస్తాయి. చీటీ ఇచ్చేసిన లారీ లెక్క లోపల ఉందా? సగం కొట్టిన లారీ లెక్క ఏమైంది? ఇది ఎంతసేపు ఇలా ఉంటుంది?

రెండు పుస్తకాల పద్ధతి

పాత షావుకారు కొట్లో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన బేరం జరిగినట్టు వెంటనే రాసేది చిట్టా. తీరిక చూసుకుని, మనిషి పేరున విడదీసి ఎక్కించేది ఆవర్జా. చిట్టా రాయడం తేలిక, కింది వరసలో మరో పద్దు చేర్చడమే. ఆవర్జాలో రాయాలంటే ఎవరి పుట ఎక్కడుందో వెతకాలి, నిలవ సరిచేయాలి. బేరం సాగుతుండగా ఆవర్జా తెరిచి కూర్చుంటే కొట్టు నడవదు.

డేటాబేస్ సర్వర్ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. గుమాస్తా సేవ్ నొక్కగానే మార్పు మొదట చిట్టాలోకి, అంటే ముందస్తు లాగ్‌లోకి వెళ్తుంది. అది డిస్కు మీద పడిందని నిర్ధారించుకున్నాకే ‘అయింది’ అన్న జవాబు వస్తుంది. అసలు పట్టిక ఉండే పేజీ (డేటాబేస్ ఒక్కసారిగా చదివి రాసే ముక్క) మాత్రం మెమరీలో మారి, అక్కడే ఉండిపోతుంది. ఆ పేజీ డిస్కుకు తర్వాత ఎప్పుడో చేరుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఈ పద్ధతి 2001లో వచ్చిన 7.1 వెర్షన్‌తో అందింది.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది. చీటీ అచ్చయిన లారీ లెక్క ఆవర్జాలో లేకపోవచ్చు, చిట్టాలో తప్పక ఉంటుంది. డిస్కు అబద్ధం చెప్పకపోతే చాలు. ఆ అబద్ధం సంగతి తర్వాత. సగం కొట్టిన లారీ లెక్క అసలు సర్వర్‌కే చేరలేదు, దాన్ని మళ్లీ కొట్టాల్సిందే.

చెక్‌పాయింట్ అంటే గీత గీయడం

చిట్టా అలా పెరుగుతూనే పోతే రెండు చిక్కులు. డిస్కు నిండుతుంది. కూలిన రోజున మొదటి పుట నుంచీ చదవాల్సి వస్తుంది. అందుకే షావుకారు అప్పుడప్పుడూ కూర్చుని ఎక్కించాల్సినవన్నీ ఆవర్జాకు ఎక్కించి, చిట్టాలో ‘ఇంతవరకు ఎక్కింది’ అని గీత గీస్తాడు. సర్వర్ భాషలో ఆ గీత పేరు చెక్‌పాయింట్.

కొట్టు మూసి గీత గీసుకునే వీలు షావుకారుకు ఉంది, సర్వర్‌కు లేదు. ఒకవైపు పేజీలు రాస్తుండగానే మరోవైపు కొత్త మార్పులు పడుతూ ఉంటాయి. కాబట్టి పోస్ట్‌గ్రెస్ చెక్‌పాయింట్ మొదలుపెట్టిన క్షణానే చిట్టా ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత అప్పటికి మెమరీలో మారి ఉన్న పేజీలన్నిటినీ నెమ్మదిగా రాస్తుంది. అవి నిజంగా డిస్కు మీద పడేలా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒత్తిడి చేస్తుంది. ఆ తర్వాతే చిట్టాలో చెక్‌పాయింట్ పద్దు రాస్తుంది. అన్నిటికన్నా చివరగా కంట్రోల్ ఫైల్ అనే చిన్న ఫైల్‌లో ఆ పద్దు చిరునామా మారుస్తుంది. కోలుకోవాల్సి వస్తే చదువు మొదలయ్యేది పద్దు రాసిన చోటు నుంచి కాదు, మొదట గుర్తు పెట్టుకున్న చోటు నుంచి.

ఈ వరస ముఖ్యం. చెక్‌పాయింట్ సగంలో ఉండగా కరెంటు పోతే కంట్రోల్ ఫైల్ ఇంకా పాత చెక్‌పాయింట్‌నే చూపిస్తుంది. పని కొంత పెరుగుతుంది తప్ప లెక్క చెడదు. కంట్రోల్ ఫైల్ విషయంలో జాగ్రత్త మరీ ఎక్కువ. ఫైల్ పరిమాణం 8 కిలోబైట్లే అయినా, అందులోని అసలు సమాచారాన్ని 512 బైట్లకు మించనివ్వరు. పాత డిస్కుల్లో ఒక సెక్టారు అంతే. ఒక సెక్టారు రాస్తే పూర్తిగా పడుతుంది, లేదంటే అసలు పడదు అన్నది దీని వెనక ఉన్న నమ్మకం.

సర్వర్ తన స్థితిని తానే రాసుకుంటుంది

అదే కంట్రోల్ ఫైల్‌లో సర్వర్ ప్రస్తుత స్థితి కూడా ఉంటుంది. పద్ధతిగా ఆపితే ‘మూసి ఉంది’ అని, నడుస్తుంటే ‘పనిలో ఉంది’ అని, కూలి లేస్తుంటే ‘కోలుకుంటోంది’ అని. బ్యాకప్ నుంచి పాత చిట్టాలు తిరగేస్తున్నప్పుడు, మూసివేత జరుగుతున్నప్పుడు వేరే మాటలున్నాయి.

సర్వర్ కూలినట్టు ఎవరూ ఎక్కడా రాయరు, రాసే వ్యవధి ఉండదు. కరెంటు పోయిన క్షణంలో ఫైల్‌లో ‘పనిలో ఉంది’ అనే ఉంటుంది. మళ్లీ లేచిన సర్వర్ ఆ మాట చదివి, తాను పనిలో లేనని గ్రహించి, మధ్యలో ఏదో జరిగిందని తేల్చుకుంటుంది. లైటు ఆర్పకుండా తాళం వేయకుండా వదిలేసిన కొట్టును పొద్దున్నే చూసినవాడు రాత్రి ఏదో జరిగిందని అనుకున్నట్టే.

అప్పుడు స్థితిని ‘కోలుకుంటోంది’ అని మార్చి పని మొదలుపెడుతుంది. ఆ దశలో కరెంటు మళ్లీ పోతే? తుపాను రాత్రి ఇది మామూలే. మూడోసారి లేచినప్పుడు పోస్ట్‌గ్రెస్ తన సందేశాల ఫైల్‌లో, కోలుకుంటుండగా అంతరాయం కలిగిందనీ, బహుశా కొంత డేటా చెడి ఉంటుందనీ, చివరి బ్యాకప్ వాడాల్సి రావచ్చనీ రాస్తుంది. ఈ వాక్యం చదివిన వారికి కాళ్ల కింద నేల కదలడం సహజం. కానీ కోలుకునే పని సగంలో ఆగిపోవడం వల్ల డేటా చెడదు, ఎన్నిసార్లయినా మొదటి నుంచి చేయగలిగేలా ఆ పనిని మలిచారు. ఆ హెచ్చరిక అసలు ఉద్దేశించింది వేరే పరిస్థితిని: చెడిన పేజీ తగిలి, కోలుకునే పనే పదేపదే కుప్పకూలడాన్ని. కరెంటు రెండుసార్లు పోయిందని తెలిసినప్పుడు ఆ వాక్యం చూసి బ్యాకప్ వైపు పరుగెత్తడం తొందరపాటు.

మళ్లీ ఎక్కించడం

కోలుకునే పని సూత్రం తేలిక. చెక్‌పాయింట్ గుర్తు నుంచి చిట్టా చదువుతూ, ఒక్కో మార్పునూ దాని పేజీకి పూయాలి. కొన్ని పేజీలు అప్పటికే డిస్కు మీదికి చేరి ఉండవచ్చు. చేరినదానికే మళ్లీ ఎక్కిస్తే నిలవ రెండింతలవుతుంది కదా అన్న సందేహం సబబే. అందుకే ప్రతి పేజీ నుదుట, దానికి చివరగా పూసిన చిట్టా పద్దు సంఖ్య ఉంటుంది. చేతిలోని పద్దు ఆ సంఖ్య కన్నా పాతదైతే వదిలేస్తుంది.

చిక్కు ఇంకోటి ఉంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కిలోబైట్లు. డిస్కు ఒక్కసారిగా రాసే ముక్క దానికన్నా చిన్నది. పేజీ రాస్తుండగా కరెంటు పోతే పైసగం కొత్తది, కిందిసగం పాతది అయిన చిరిగిన పేజీ మిగులుతుంది. దాని నుదుట ఉన్న సంఖ్యను నమ్మడానికి లేదు. దీనికి విరుగుడుగా, చెక్‌పాయింట్ తర్వాత ఏ పేజీ మొదటిసారి మారినా ఆ మార్పుతోపాటు మొత్తం పేజీ ప్రతిని చిట్టాలో పెడతారు. కోలుకునేటప్పుడు డిస్కు మీది పేజీని పట్టించుకోకుండా ఆ ప్రతినే దించుకుంటుంది.

చిట్టా చివర కూడా చిరిగే ఉంటుంది. ప్రతి పద్దుకూ ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది, అది సరిపోని చోట చదువు ఆగుతుంది. ఆ సమయంలో ‘పద్దు పొడవు చెల్లదు’ అన్న తరహా సందేశం కనిపిస్తుంది. చూడటానికి తప్పులా ఉన్నా, మామూలుగా దాని అర్థం చిట్టా అయిపోయిందనే. ఆ చిరిగిన కొసలో ఉన్న పద్దులకు ‘అయింది’ అన్న జవాబు ఎవరికీ వెళ్లలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

ఎంత తరచుగా గీయాలి

మూడో ప్రశ్న మిగిలింది: ఎంతసేపు? పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో ప్రతి 5 నిమిషాలకోసారి, లేదా చిట్టా పరిమాణం 1 గిగాబైట్ హద్దును చేరవచ్చని తోచినప్పుడు చెక్‌పాయింట్ మొదలవుతుంది. పేజీలన్నీ ఒక్కసారిగా కుమ్మరిస్తే డిస్కు ఉక్కిరిబిక్కిరై కాటా దగ్గర తెర నిలిచిపోతుంది. వేసవిలో ఎండిన కాలువకు జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీరు వదిలేటప్పుడు మొదటిరోజే నిండుగా వదలరు, గట్లు తెగుతాయి. ఇక్కడా అంతే. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి, ఉన్న వ్యవధిలో పదింట తొమ్మిది వంతుల మీద ఆ రాతను పరుస్తున్నారు. అంతకుముందు సగం వ్యవధిలోనే ముగించేవారు.

దీన్నిబట్టి లెక్క వేయవచ్చు. ఒక చెక్‌పాయింట్ మొదలైన 5 నిమిషాలకు తర్వాతిది మొదలవుతుంది, అది ముగియడానికి మరో నాలుగున్నర నిమిషాలు. ముగిసే క్షణానికి ముందు కరెంటు పోతే, మొదటిదాని గుర్తు నుంచి తొమ్మిదిన్నర నిమిషాల మార్పులు మళ్లీ పూయాలి. తొమ్మిదిన్నర నిమిషాల మార్పులు పూయడానికి తొమ్మిదిన్నర నిమిషాలు పట్టాలనేమీ లేదు. మిల్లు స్థాయి లెక్కలకు ఇది సెకన్ల పని.

మరి కొన్నిచోట్ల పావుగంట ఎందుకవుతుంది? ఎవరో ఒకరు పాత సంవత్సరాల లెక్కలు ఒక్కసారిగా ఎక్కించేటప్పుడు వేగం కోసం వ్యవధిని గంటకూ, హద్దును పదుల గిగాబైట్లకూ పెంచి, పని అయ్యాక వెనక్కి తగ్గించడం మరిచిపోతారు. చిట్టా పూసే పని ఒకే ప్రాసెస్ చేస్తుంది కాబట్టి ఎక్కువ కోర్లున్న ఖరీదైన ప్రాసెసర్ కొన్నా పెద్ద తేడా రాదు. అంతగా ఎవరూ ఊహించని మరో కారణమూ ఉంది. కూలి లేచిన పోస్ట్‌గ్రెస్, చిట్టా తెరవకముందే డేటా ఫోల్డరులోని ప్రతి ఫైల్‌నూ డిస్కు మీద స్థిరపరచమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. వేల పట్టికలుండి, తిరిగే పాత డిస్కు అయితే ఆ ఒక్క పనికే నిమిషాలు పడతాయి.

అలాగని నిమిషానికోసారి గీత గీయడం కూడా తెలివైన పని కాదు. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత మొదటిసారి మారే పేజీలన్నిటి పూర్తి ప్రతులూ చిట్టాకెక్కుతాయని పైన చూశాం. గీతలు దగ్గరైనకొద్దీ ఆ ప్రతులు పెరుగుతాయి, చిట్టా ఉబ్బుతుంది, ఉబ్బిన చిట్టా మళ్లీ చెక్‌పాయింట్‌ను ముందుకు లాగుతుంది. చిట్టా నిండడం వల్ల చెక్‌పాయింట్లు 30 సెకన్లకన్నా దగ్గరగా వస్తుంటే పోస్ట్‌గ్రెస్ తానే హెచ్చరిస్తుంది. సీజన్‌లో ఆ హెచ్చరిక కనబడితే పెంచాల్సింది పరిమాణం హద్దును. వ్యవధిని ముట్టుకోనక్కరలేదు.

మిగతా డేటాబేస్‌ల దారి

చాలా డేటాబేస్‌లు అనుసరించే పద్ధతికి మూలం 1992లో ఐబీఎం పరిశోధకుడు సి. మోహన్, ఆయన సహచరులు ప్రచురించిన ఏరీస్. ముందు చిట్టా పరిశీలన, తర్వాత మళ్లీ ఎక్కించడం, ఆఖరున పూర్తికాని లావాదేవీలను వెనక్కి తీయడం అని అందులో మూడు దశలు. పోస్ట్‌గ్రెస్‌లో మూడో దశ లేదు. పాత వరసను చెరపకుండా పక్కనే కొత్తది రాస్తుంది కాబట్టి, పూర్తికాని లావాదేవీ రాసినవి ఎవరికీ కనబడకుండా పడి ఉంటాయి, తర్వాత ఊడ్చేస్తారు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో డేటాను భద్రపరిచే భాగమైన ఇన్నోడీబీ వెనక్కి తీసే పని చేస్తుంది, అయితే తలుపులు తెరిచాక తెరవెనక చేసుకుంటుంది. దాని పేజీ 16 కిలోబైట్లు. చిరిగిన పేజీ సమస్యకు అది పూర్తి ప్రతిని చిట్టాలో పెట్టదు. పేజీని ముందు వేరే చోట రాసి, ఆ తర్వాత అసలు చోట రాస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి కొత్త డేటాబేస్‌లకు కోలుకునే గడువునే లక్ష్యంగా పెట్టారు, మామూలుగా 60 సెకన్లు. చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో తరచూ ఉండే ఎస్‌క్యూలైట్‌ను చిట్టా పద్ధతిలో నడిపితే, చిట్టా 1,000 పేజీలకు చేరగానే అసలు ఫైల్‌కు ఎక్కిస్తుంది.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుంది

కరెంటు కోతలకు తట్టుకునేలా కట్టిన వ్యవస్థ చాలాసార్లు మనిషి చేతిలో చెడుతుంది. డిస్కు నిండిందన్న కంగారులో ‘లాగ్ ఫైళ్లే కదా’ అని చిట్టా ఫోల్డరును ఖాళీ చేసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ ఫోల్డరు పేరు నుంచి లాగ్ అన్న మాటను తీసేసి వాల్ (ముందస్తు లాగ్ ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు) అని మార్చారంటే, ఆ పొరపాటు ఎంత మామూలో ఊహించవచ్చు. చిట్టా చించేసిన కొట్టుకు ఆవర్జా ఒక్కటే మిగులుతుంది, అందులో ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో చెప్పేవారుండరు. చిట్టాను బలవంతంగా కొత్తగా మొదలుపెట్టే రీసెట్ సాధనం ఒకటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి వరసలోనే కనబడుతుంది. దాంతో సర్వర్ లేస్తుంది, లెక్కలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. మిగిలిందేదో బయటికి తీసుకోవడానికి ఆఖరి దారిగా తప్ప దాన్ని వాడకూడదు.

ఇక డిస్కు చెప్పే అబద్ధం. చౌక డిస్కులు కొన్ని రాత తమ లోపలి తాత్కాలిక మెమరీలో పడగానే ‘రాశాను’ అనేస్తాయి. కరెంటు పోతే ఆ మెమరీ ఖాళీ. సర్వర్లకోసం చేసే డిస్కుల్లో, ఉన్న రాతను ముగించేంత విద్యుత్తును నిలవ చేసుకునే కెపాసిటర్లుంటాయి. మిల్లు యజమాని ఖర్చు పెట్టదలిస్తే ప్రాసెసర్ మీద కన్నా దీనిమీద, యూపీఎస్ బ్యాటరీ మీద పెట్టడం మేలు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. డిస్కుకు రాయడంలో ఒకసారి లోపం వచ్చాక లినక్స్ ఆ పేజీలను రాసినట్టే లెక్కగట్టి, రెండోసారి అడిగితే అంతా బాగుందని చెప్పే అవకాశం ఉందని 2018లో పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు గుర్తించారు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి, అలాంటి లోపం ఒక్కసారి ఎదురైనా సర్వర్ తనంతట తానే కూలిపోయి చిట్టా నుంచి కోలుకునేలా మార్చారు. అనుమానం ఉన్న ఆవర్జాతో పని సాగించడం కన్నా చిట్టా దగ్గరికి వెనక్కి వెళ్లడం నయమన్న నిర్ణయం అది.

వేగం కోసం తిప్పే రెండు మీటల మధ్య తేడా కూడా చాలామందికి తెలియదు. లావాదేవీకి వెంటనే డిస్కు నిర్ధారణ అడగవద్దనే అమరిక పెడితే, కూలినప్పుడు చివరి సెకనులోపు లెక్కలు పోవచ్చు, మిగతావి పొసిగే ఉంటాయి. డిస్కు నిర్ధారణనే పూర్తిగా ఆపేస్తే చిట్టా, ఆవర్జా రెండూ నమ్మకం కోల్పోతాయి. మొదటిదాన్ని తెలిసి ఒప్పుకోవచ్చు. రెండోదానికి డెల్టాలో నవంబరు నెలలో చోటు లేదు.

తుపాను ముందు మూయడం

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులున్నట్టే, ముందే తెలిసే రోజులూ ఉన్నాయి. తుపాను తీరం దాటే సమయం ఇప్పుడు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తోంది, విద్యుత్ సిబ్బంది ముందుజాగ్రత్తగా సరఫరా ఆపడమూ మామూలే. అలాంటప్పుడు సర్వర్‌కు కరెంటు వచ్చే స్విచ్ తీసేసి ఆపడం, కూలనివ్వడం రెండూ ఒకటే.

పోస్ట్‌గ్రెస్‌ను ఆపడానికి మూడు తీరులున్నాయి. ఒకటి అందరూ వెళ్లేదాకా ఎదురుచూస్తుంది. కాటా దగ్గర ఒక తెర తెరిచి వదిలేస్తే తెల్లారినా సర్వర్ ఆగదు. మరోటి ఉన్నపళంగా ఆపేస్తుంది, చెక్‌పాయింట్ చేయదు, లేచాక కోలుకోవడం తప్పదు. ఈ రెండిటి మధ్యది, 9.5 వెర్షన్ నుంచి మామూలుగా అమలయ్యేది, నడుస్తున్న పనులను రద్దు చేసి, ఆఖరి చెక్‌పాయింట్ రాసి, పద్ధతిగా మూస్తుంది. మెమరీలో మారిన పేజీలు చాలా ఉంటే ఆ ఆఖరి చెక్‌పాయింట్ ఆలస్యమవుతుంది. కాబట్టి ముందుగా ఒక చెక్‌పాయింట్ చేతితో నడిపి, వెంటనే మూయమని చెబితే పని త్వరగా అవుతుంది.

మూసినట్టు తెర మీద సందేశం వచ్చాక కూడా కంట్రోల్ ఫైల్‌ను చూపించే చిన్న సాధనాన్ని ఒకసారి నడపడం మంచిది. అందులో స్థితి ‘పనిలో ఉంది’ అని కనబడితే మూసివేత పూర్తి కాలేదు. ‘మూసి ఉంది’ అని ఉంటే మెయిన్ స్విచ్ తీసి, సర్వర్‌ను బల్ల కింది నుంచి బల్ల మీదికి ఎక్కించవచ్చు. డెల్టాలో గాలి తర్వాత వచ్చేది నీరు.